గోన గన్నారెడ్డి ఫ్యాన్ ఫిక్షన్: అపోహలు - వాస్తవాలు

కాకతీయ రుద్రమదేవి కాలం నాటి వీరుడి మీద అడివి బాపిరాజు గారు రాసిన నవల ‘గోన గన్నారెడ్డి’. దాని మీద ఫ్యాన్ ఫిక్షన్, అంటే అందులోని పాత్రలతో అభిమానులు అల్లుకునే కొత్త కథలు, రాసేవాళ్లం, చదివేవాళ్లం హైదరాబాద్‌లో గుప్పెడుమందిమి. కొత్తగా వచ్చినవాళ్లకు ముందు ఏ కథ ఇవ్వాలో చూసే పని నా నెత్తిన పడింది. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గరా, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుంటున్నప్పుడూ నాకు తరచూ వినపడే మాటలివి.

అపోహ: ఇది ఇంగ్లిష్ వాళ్ల దగ్గర అంటుకున్న పిచ్చి.

పేరు అక్కడిదే. పని మాత్రం మనకు పాతదే. లక్ష్మణుడు అడవికి వెళ్లాక ఊర్మిళ ఏమైందో వాల్మీకి పట్టించుకోలేదు. మన ఆడవాళ్లు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట కట్టుకుని పాడుకున్నారు.

అపోహ: సినిమా చూశాం కదా, నవల ఎందుకు?

2015లో వచ్చిన ‘రుద్రమదేవి’లో గన్నారెడ్డి తెలంగాణ యాసలో అదరగొట్టాడు. అది చూసి ఇటు వచ్చినవాళ్లు మాలోనూ ఉన్నారు. కానీ బాపిరాజు గారి గన్నారెడ్డి మాటతీరే వేరు. అందుకే ఏ కథ గురించి చెప్పినా, అది సినిమా గన్నారెడ్డిదా నవల గన్నారెడ్డిదా అన్నది ముందే చెప్పేస్తాను. లేకపోతే రెండో పేజీలోనే పుస్తకం పక్కన పడేస్తారు.

అపోహ: అన్నీ ప్రేమకథలే.

గన్నారెడ్డి, నవలలో అతని జోడీ అన్నాంబికల కథలే ఎక్కువ, నిజమే. నేనూ వదలకుండా చదువుతాను. అయితే కొత్తవాళ్లకు ముందు ఇచ్చేవి వేరు. ఒకటి కుప్పాంబిక కథ. ఆమె గోన బుద్ధారెడ్డి కూతురు, అంటే గన్నారెడ్డి తోబుట్టువు. 1276లో బూదపురంలో, ఇప్పటి మహబూబ్‌నగర్ జిల్లా భూత్పూర్‌లో, శాసనం వేయించింది. అన్నను లోకమంతా గజదొంగ అంటుంటే ఇంట్లో ఆడపడుచు ఏమనుకుంటుందన్నదే ఆ కథ.

నాకు మరీ ఇష్టమైనది ఇంకోటి. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. చనిపోయిన రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు గుడికి భూమి ఇచ్చాడు. ఆమె ఎలా పోయిందో ఆ రాయి చెప్పదు. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో చనిపోయి ఉంటుందని చరిత్రకారులు అంటారు. కథలో రాయి చెక్కేవాడు “రాణి ఎట్లా పోయింది?” అని అడుగుతాడు. ముమ్మడి జవాబివ్వడు. గుడి దీపానికి ఏడాదికి ఎంత నూనె పడుతుందో లెక్క అడుగుతాడు. యుద్ధం ఒక్క వాక్యంలో కూడా లేదు.

అపోహ: చరిత్ర తప్పితే కథ పనికిరాదు.

నవలలోనే సగానికి సగం కల్పన. చరిత్ర గన్నారెడ్డిని చూడాలంటే రాయచూరు కోటకు వెళ్లాలి. అక్కడ 1294 నాటి శాసనంలో ఆయన పేరుంది. అంత పెద్ద రాయిని బండి మీద ఎలా లాక్కొచ్చారో దాని మీదే బొమ్మ చెక్కారు. దీని మీద ఇంతవరకూ ఒక్కరూ కథ రాయలేదు, అదే నా బాధ! చిన్న తప్పులు నేను క్షమిస్తాను. కాకతీయుల ఓరుగల్లులో మిరపకాయ బజ్జీలు అమ్మించిన ఒక రచయితకు మాత్రం ఫోన్ చేశాను. మిరప మన దేశానికి పోర్చుగీసువాళ్లతో వచ్చింది. అప్పటిదాకా కారమంటే మిరియాలే.

అపోహ: చిన్న గుంపు కదా, అన్నీ బాగున్నాయనాలి.

రాసినవాళ్లు వచ్చే ఆదివారం ఎదురుపడతారు కాబట్టి మొహమాటం ఉంటుంది. నచ్చని కథను నలుగురిలో తిట్టను, ఎవరికీ సిఫార్సూ చెయ్యను. లైకుల లెక్క ఇక్కడ దండగ. ఉన్న పది లైకులూ స్నేహితులవే. ‘అద్భుతం, తప్పక చదవండి’ అన్నా ఎవరికీ ఏమీ తెలియదు. నవలలో ఏ చోట మొదలవుతుంది, పూర్తయిందా లేదా, చావులూ హింసా ఏ మేరకు ఉన్నాయి, ఈ మూడూ చెప్పాలి. ముగింపు మాత్రం బయటపెట్టకూడదు.

అపోహ: కాపీరైట్ కేసు పడుతుంది.

మన చట్టంలో గడువు రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు. బాపిరాజు గారు 1952లో పోయారు, కాబట్టి 2012తో గడువు తీరింది. సినిమా డైలాగులు ఎత్తి రాస్తే అది వేరే లెక్క. విశ్వనాథ సత్యనారాయణ గారు 1976లో పోయారు. కాబట్టి ఆయన నవల ‘ఏకవీర’ మీద రాసిన కథను పుస్తకం వేసి అమ్మాలనుకుంటే 2036 చివరిదాకా ఆగాలి, లేదా ముందు హక్కుదారుల అనుమతి తీసుకోవాలి.