పాత డీజిల్ లారీ ఇంజిన్: అపోహలు - వాస్తవాలు

ఇక్కడ చెప్పేదంతా కంప్యూటర్ లేని, డీజిల్‌ను ఒత్తిడితో పంపే మెకానికల్ పంపుతో నడిచే పాత లారీ ఇంజిన్ల గురించి మాత్రమే. ఇలాంటి ఇంజిన్ మొరాయించగానే నింద ముందుగా పంపు మీద, తర్వాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల మీద, చివరికి బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) మీద పడుతుంది. నా దగ్గరికి విప్పి తెచ్చిన పంపుల్లో చాలావాటిని అసలు విప్పాల్సిన పనే లేదు.

అపోహ: నల్ల పొగ వస్తోందంటే పంపు పోయినట్లే.

వాస్తవం: లోపలికి వస్తున్న గాలితో కాలగలిగినదానికంటే ఎక్కువ డీజిల్ పడుతోందనే నల్ల పొగ చెబుతుంది. డీజిల్ ఎక్కువైనా, గాలి తక్కువైనా పొగ ఒకటే కాబట్టి, చవకగా తేలే గాలి సంగతి ముందు చూడాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే పరికరం) నుంచి మానిఫోల్డుకు (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) వెళ్లే హోసు క్లిప్పు దగ్గర నూనె జిడ్డు, దాని మీద మసి పట్టి ఉన్నాయేమో చూడండి; ఒత్తిడి గాలి బయటకు పోతున్న చోట తరచుగా ఈ గుర్తు కనిపిస్తుంది. ఆ తర్వాతే నాజిళ్ల వంతు. నీలి పొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. తెల్ల పొగ కళ్లు మండిస్తూ, ఇంజిన్ వేడెక్కాక తగ్గిపోతే అది కాలని డీజిల్. వేడెక్కాక కూడా ఆగకుండా, రేడియేటర్లో నీరు తగ్గుతూ ఉంటే అది ఆవిరి.

అపోహ: డీజిల్ ఎక్కడా కారడం లేదు కాబట్టి లైన్లో లీకు లేదు.

వాస్తవం: నన్ను అడిగితే పాత బండ్ల విషయంలో అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టించే అపోహ ఇదే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ను లాగి పెద్ద పంపుకు ఇచ్చే చిన్న పంపు) వరకు ఉన్న లైను డీజిల్‌ను పీల్చే లైను. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటకు రాకుండానే గాలి లోపలికి పోతుంది. రాత్రి బండి ఆపితే లైన్లోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు, ఒకసారి అందుకుంటే రోజంతా బాగానే నడుస్తుంది. ఈ లక్షణాలు కనిపిస్తే పంపు జోలికి పోకుండా, ఫీడ్ పంపు ముందు జానెడు పారదర్శక పైపు బిగించి ఇంజిన్ నడిపి చూస్తే బుడగలు వరసగా కదులుతూ కనిపిస్తాయి. అప్పుడు శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, చిన్న గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకు ఇవ్వండి: బుడగలు ఆగిపోతే దోషం ట్యాంకు వైపు లైనుదే. గట్టిపడిన హోసు చివరలు, మళ్లీ మళ్లీ వాడి అరిగిన రాగి వాషర్లు మొదటి అనుమానితులు. ట్యాంకు సగానికి దిగినప్పుడే ఇబ్బంది వస్తుంటే, ట్యాంకులోకి దిగే గొట్టానికి ఆ ఎత్తులో చీలిక ఉందేమో చూడాలి. సరిచేశాక గాలి తీసేటప్పుడు ముందు ఫిల్టర్ దగ్గర, తర్వాత పంపు దగ్గర, చివరగా నాజిల్ పైపుల దగ్గర తీయాలి. నాజిల్ లైన్లో లీకును మాత్రం ఎప్పుడూ చేత్తో తడమకూడదు. వందల బార్ల ఒత్తిడితో చిమ్మే సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

అపోహ: రేడియేటర్లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, పైనున్న హెడ్డుకు మధ్య బిగించే సీలు) పోయినట్లే.

వాస్తవం: చాలావరకు నిజమే, కానీ ఎయిర్ బ్రేకులున్న బండికి ఇంకో దారి ఉంది. బ్రేకులకు గాలి పంపే కంప్రెసర్ హెడ్డును కూడా ఇంజిన్ నీరే చల్లబరిచే ఏర్పాటు ఉంటే, దాని గ్యాస్కెట్ దెబ్బతిన్నప్పుడు కూడా గాలి నీళ్లలోకి వస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, ఇంజిన్ నడుపుతూ చూడండి. గాలి ట్యాంకులు నిండి కంప్రెసర్ లోడు తగ్గగానే బుడగలు కూడా తగ్గితే, ఇంజిన్ హెడ్డు విప్పేముందు కంప్రెసర్‌ను పరీక్షించాలి.

అపోహ: థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ వేడెక్కదు.

వాస్తవం: థర్మోస్టాట్ అంటే నీరు వేడెక్కాకే రేడియేటర్ దారి తెరిచే వాల్వు. చాలా ఇంజిన్లలో అది తెరుచుకుంటూనే, నీటిని రేడియేటర్‌కు పోనివ్వకుండా తిప్పే బైపాస్ దారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే కొంత నీరు రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజిన్లోకి వస్తుంది కాబట్టి, ఎగువ దారిలో లోడుతో ఎక్కేటప్పుడు వేడి పెరగవచ్చు. ఖాళీగా నడిచేటప్పుడేమో ఇంజిన్ తగినంత వేడెక్కక లైనర్లు (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టాలు), పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి. కూలెంట్‌కు బదులు ఉత్త నీళ్లు పోయడం కూడా ఇలాంటి పొదుపే. తడి లైనర్లున్న (లైనర్ బయటి గోడకు నీరు నేరుగా తగిలే) ఇంజిన్లో లైనర్ కంపనాలకు నీళ్లలో పుట్టి పగిలే సూక్ష్మ బుడగలు లైనర్ బయటి గోడను గుంటలు పడేలా తినేస్తాయి. రక్షణ రసాయనాలు సరైన పాళ్లలో ఉన్న కూలెంట్ దీన్ని బాగా అదుపు చేస్తుంది.

అపోహ: ఆయిల్ నల్లబడితే పాడైనట్లే.

వాస్తవం: డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది, ఎందుకంటే మసిని తనలో కలుపుకుని మోయడం దాని పని. భయపడాల్సింది పాలరంగు చూసి, అది నీరు కలిసిందన్న సూచన. లేదా ఆయిల్ పోయకుండానే డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తున్నప్పుడు.

అపోహ: టాపెట్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: శబ్దం పోవాలని టాపెట్ సందు (వాల్వుకు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఖాళీ) మరీ బిగిస్తే, వేడెక్కాక వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, కాలిపోతుంది. తయారీదారు చెప్పిన కొలతకు ఫీలర్ గేజితో పెట్టాక మిగిలే సన్నని టిక్‌టిక్ శబ్దాన్ని అలాగే వదిలేయాలి.

అపోహ: పుల్లింగ్ తగ్గితే పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచాలి.

వాస్తవం: గాలి పెరగకుండా డీజిల్ పెంచితే పొగ, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతాయి, ఎగువలో పిస్టన్ పైభాగం కరిగేవరకూ పోవచ్చు. స్క్రూ సీలును ముట్టుకునేముందు ఇంజిన్ ఆపి, ఒకరిని క్యాబిన్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి, పంపు లివరు స్టాపర్‌ను తాకుతోందో లేదో చూడండి. లింకు బుష్‌లు అరిగిన బండ్లలో పెడల్ నేలకు ఆనినా లివరు మధ్యలోనే ఆగిపోతుంది, అలాంటప్పుడు చేయాల్సింది బుష్‌లు మార్చి లింకు సరిచేయడమే.