పది మందితో మొదలయ్యే పటాలం

సికింద్రాబాద్‌ను పాతకాలం వాళ్లు ఇప్పటికీ లష్కర్ అంటారు. అక్కడి బోనాలు లష్కర్ బోనాలు. లష్కర్ అంటే సేన. బెటాలియన్ అన్న మాట మన నోట నలిగి పటాలం అయింది. ఇంత ఇంటిమాట అయినా, పటాలంలో ఎంతమంది ఉంటారని అడిగితే చాలామంది తడుముకుంటారు. వార్తల్లోనూ ప్లటూన్, కంపెనీ, బ్రిగేడ్ ఒకదాని చోట ఒకటి వచ్చేస్తుంటాయి.

లెక్క కింది నుంచి పట్టుకుంటే సులువు. భారత పదాతిదళంలో అన్నిటికన్నా చిన్న జట్టు సెక్షన్. దాన్ని నడిపే హవల్దార్‌తో కలిపి పది మంది. పది అన్నది ఊరికే తోచిన అంకె కాదు. తుపాకులు మోగుతుండగా ఒక మనిషి కేక ఎంతదూరం వినబడుతుంది, పొదల చాటున పాకుతున్న ఎంతమందిని ఒక జత కళ్లు కనిపెట్టుకోగలవు అన్నదే దాని కొలత. లైట్ మెషిన్ గన్ పట్టినవాడు ఒక పక్క నుంచి కాలుస్తూ శత్రువును తల ఎత్తనివ్వడు. ఆ సందులో మిగతావాళ్లు ముందుకు ఉరుకుతారు. జట్టు మరీ చిన్నదైతే ఇది సాగదు. ఇద్దరు గాయపడి, వాళ్లను మోయడానికి ఇంకొందరు వెళ్లారంటే కాల్చేవాళ్లే మిగలరు.

మూడు సెక్షన్లు ఒక ప్లటూన్. మూడు పదులు ముప్పై కదా, ప్లటూన్‌లో 35 మంది దాకా ఎందుకుంటారు? నడిపే సుబేదారో లెఫ్టినెంటో, రేడియో చూసేవాడు, ఇలా ప్రతి మెట్టు దగ్గరా కొందరు కలుస్తారు. మూడు ప్లటూన్లు, వాటిపై ఒక మేజర్, మొత్తం సుమారు 120 మంది అయితే కంపెనీ. ఇలాంటి నాలుగు రైఫిల్ కంపెనీలు కల్నల్ చేతికింద ఉంటే పటాలం. నాలుగు కంపెనీలు కలిపితే 480. కానీ పటాలం బలం దాదాపు 800. మిగతా మూడు వందల పైచిలుకు మంది మోర్టార్లు, సిగ్నల్స్, బండ్లు, వైద్యం, వంట చూసుకుంటారు. ముందు వరుసలో ముగ్గురు నిలబడాలంటే వెనక ఇద్దరు పనిచేయాలన్నమాట. ఈ ఇద్దరినీ లెక్కలోంచి తీసేస్తే మూడో రోజుకి తూటాలూ ఉండవు, తిండీ ఉండదు.

ఆపైన మూడు పటాలాలు బ్రిగేడ్, మూడు బ్రిగేడ్లకు ఫిరంగిదళం తోడైతే డివిజన్, డివిజన్లు కలిస్తే కోర్.

పటాలంలోని నాలుగు కంపెనీలు తప్పిస్తే, ఎక్కడ చూసినా మూడే ఎందుకు? రెండింటిని ముందుకు పంపి ఒకదాన్ని చేతిలో ఉంచుకోవడానికి. ముందు వరుస తెగితే మూడోది అక్కడ అడ్డం పడుతుంది, శత్రువు తెగితే ఆ సందులోంచి దూసుకుపోతుంది. మూడింటినీ మొదటి గంటలోనే దింపేసిన సేనానికి ఇక చేయగలిగింది ఏమీ ఉండదు. అలాగని సంఖ్య పెంచినా చిక్కే. అణుబాంబు భయంతో అమెరికా 1957 ప్రాంతంలో డివిజన్‌ను ఐదు దళాలుగా విడగొట్టి, మధ్యలో ఉన్న మెట్లు తీసేసింది. ఒక్క అధికారి ఇన్ని వైపులా చూడలేకపోయాడు, ఆనాటి రేడియోలు అందుకు సాయపడలేదు. కొన్నేళ్లలోనే ఆ పద్ధతి మానుకున్నారు.

మూడు లెక్క మనకు కొత్త కాదు. మహాభారతంలో ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బంట్లు కలిస్తే పత్తి అనే దళం. దాన్ని ఏడుసార్లు మూడింతలు చేస్తే అనీకిని, పది అనీకినులు అక్షౌహిణి. రథం మొదలు కాల్బంటు దాకా అన్నీ కూడితే 2,18,700.

తికమక పెట్టే మాట రెజిమెంట్. ట్యాంకుల రెజిమెంట్ నిజంగా ఒక్కచోట పోరాడే దళమే. ప్లటూన్ లాంటి ట్రూపుకు మూడు ట్యాంకులు, కంపెనీ లాంటి స్క్వాడ్రన్‌కు 14, రెజిమెంటుకు 45. ఫిరంగుల రెజిమెంటూ అంతే, బ్యాటరీ అనే ఒక్కో జట్టుకు ఆరు చొప్పున మూడు బ్యాటరీలకు 18. పదాతిదళంలో మాత్రం అది వంశం పేరు లాంటిది. మన కుర్రాళ్లు చాలామంది చేరే మద్రాస్ రెజిమెంట్ పటాలాలు దేశమంతా వేర్వేరు బ్రిగేడ్లలో ఉంటాయి. అవన్నీ కలిసి ఒకే యుద్ధానికి వెళ్లవు.

కాగితం మీది ఈ అమరిక రణరంగంలో ఉన్నదున్నట్టు దిగదు. 1948 సెప్టెంబర్ 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి షోలాపూర్ వైపు నుంచి హైదరాబాద్ మీదికి కదిలినప్పుడు తన సేనను స్ట్రైక్, స్మాష్, కిల్, వీర్ అని నాలుగు దళాలుగా కలిపి కట్టారు. పదాతి, ట్యాంకులు, ఫిరంగులు, ఇంజనీర్లు, ఎవరి పనికి ఎవరు కావాలో ఆ పాళ్లలో. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ ఆయనకు లొంగిపోయారు. ఇలాంటి దళాలు పని అయ్యాక విడిపోయి, ట్యాంకులు తమ రెజిమెంటుకు, ఫిరంగులు తమ బ్యాటరీకి తిరిగి చేరతాయి. ఈ కలపడం, విడదీయడం ఎక్కువగా కంపెనీ, స్క్వాడ్రన్ స్థాయిలోనే జరుగుతుంది. హవల్దార్ జట్టులోని ఆ పది మందిని మాత్రం సాధారణంగా విడదీయరు.