అమెరికా ఆరోగ్య బిల్లులు: అపోహలు - వాస్తవాలు

ఆరోగ్య సంస్కరణ బిల్లులను పక్కపక్కన పెట్టుకుని తేడాలు రాయడమే నా ఉద్యోగం. 2009లో అమెరికా ప్రతినిధుల సభ, సెనేట్ వేర్వేరుగా పాస్ చేసిన బిల్లుల మీద ఇప్పటికీ అవే మాటలు వినిపిస్తుంటాయి.

అపోహ: రెండింటి ఖర్చూ ఇంచుమించు ఒకటే.

వాస్తవం: సభ బిల్లుకు 894 బిలియన్ డాలర్లు, సెనేట్ బిల్లుకు 871 బిలియన్లు అని చెప్పుకున్నారు. చూడ్డానికి దగ్గరగానే ఉన్నాయి కదా, కానీ మొదటిది బీమా తీసుకోని వాళ్లు, ఇవ్వని యజమానులు కట్టే జరిమానాల్లాంటివి తీసేశాక మిగిలిన నికర ఖర్చు, రెండోది ఏదీ తీసేయని మొత్తం. ఒకే పద్ధతిలో లెక్కేస్తే సభ బిల్లు మొత్తం 1,055, సెనేట్‌ది 871. నికరంగా అయితే 894, 614. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. లెక్కేసింది 2010 నుంచి 2019 వరకు పదేళ్లకే, సభ బిల్లులో బీమా కొనేందుకు ప్రభుత్వమిచ్చే సబ్సిడీలు 2013లో మొదలవుతాయి, సెనేట్‌లో 2014లో. ఒక ఏడాది ఆలస్యంగా మొదలుపెడితే ఖర్చు తక్కువగా కనిపించక ఏం చేస్తుంది! నేనైతే ఏ బిల్లులోనైనా ముందు అమలు తేదీలే చూస్తాను, పేరు తర్వాత.

అపోహ: సభ బిల్లులోని పబ్లిక్ ఆప్షన్, అంటే ప్రభుత్వమే నడిపే బీమా పథకం, చౌకగా అమ్మి ప్రైవేటు కంపెనీలను మింగేసేది.

వాస్తవం: అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు లెక్కలు వేసిచ్చే బడ్జెట్ ఆఫీసు సీబీఓ అంచనా దీనికి పూర్తిగా రివర్స్. డాక్టర్లతో, ఆసుపత్రులతో బేరమాడి రేట్లు ఖరారు చేసుకోవాలి, పైగా జబ్బులు ఎక్కువున్న వాళ్లే అటు వెళ్తారు కాబట్టి దాని ప్రీమియం ప్రైవేటు సగటు కంటే కాస్త ఎక్కువే ఉంటుందని చెప్పింది.

అపోహ: సభ బిల్లులో ముసలివాళ్లను ఎప్పుడు వదిలేయాలో తేల్చే కమిటీలు పెట్టారు.

వాస్తవం: చివరి దశలో ఎలాంటి చికిత్స కావాలో పేషెంటు ఇష్టపడి డాక్టరుతో మాట్లాడితే ఆ ఫీజు మెడికేర్ (ముసలివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బీమా) ఇస్తుందని రాశారు, అంతే. 2010లో వచ్చిన చివరి చట్టంలో అదీ లేదు.

అపోహ: 'మెడికేర్ ఫర్ ఆల్' (అందరికీ ప్రభుత్వ బీమా) అంటే ఒకే బిల్లు, ఆసుపత్రులన్నీ సర్కారువి అయిపోతాయి.

వాస్తవం: ఆసుపత్రులు ఎవరివి వాళ్లవే, డబ్బు కట్టేది మాత్రం ప్రభుత్వం. 2019లోనే ఈ పేరుతో రెండు బిల్లులున్నాయి. సెనేటర్ బెర్నీ శాండర్స్‌ది నాలుగేళ్లలో అమలు, ప్రతినిధుల సభ సభ్యురాలు ప్రమీలా జయపాల్‌ది రెండేళ్లలో. నర్సింగ్ హోమ్ (ముసలివాళ్లను దీర్ఘకాలం చూసుకునే కేంద్రం) ఖర్చును జయపాల్ బిల్లు కొత్త పథకంలోకే తెచ్చింది, శాండర్స్ దాన్ని పేదలకు ఇప్పటికే ఉన్న ప్రభుత్వ బీమా మెడికేడ్‌కే వదిలేశారు. తల్లిదండ్రులు నర్సింగ్ హోమ్‌లో ఉన్నవాళ్లు ముందు చూడాల్సింది ఆ సెక్షనే.