డెంటలే కదా, ఫిజిక్స్ ఎందుకు మాస్టారూ? (నీట్ అపోహలు - వాస్తవాలు)

మొన్న ఆదివారం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే ఒకాయన బండి ఆపి మరీ అడిగారు. "మాస్టారూ, మా గుంటకి ఎంబీబీఎస్ అంత ఆశ నేదు, డెంటల్ సాలు అనుకుంటన్నాం. మరి డెంటల్ నీట్‌కి ఫిజిక్స్ ఎందుకండీ, బయాలజీ గట్టిగా సదివితే సరిపోద్ది కదా?" నేను శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పడం మొదలెట్టి పద్నాలుగేళ్ళయింది, ఎంసెట్ రోజుల్లోనూ ఇదే మాట, ఇప్పుడూ ఇదే మాట. నా టీ చల్లారిపోయింది గానీ ఆయనకి సగం కూడా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఇది వినండి. డెంటల్ నీట్ అని ఒకటి లేదు. ఎంబీబీఎస్‌కైనా, డెంటల్ డిగ్రీ బీడీఎస్‌కైనా దేశమంతా రాసే ఎంట్రన్స్ నీట్ యూజీ ఒకటే, అదే బుక్‌లెట్, అదే ఓఎమ్మార్ షీటు, అదే ర్యాంకు. మీ పిల్ల బీడీఎస్‌కి రాస్తోందని ఎగ్జామ్ హాల్లో ఎవరికీ తెలీదు, ఆ తర్వాత ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునేటప్పుడే ఆ తేడా వచ్చేది. మొత్తం 180 బిట్లు, 720 మార్కులు, అందులో బయాలజీ 360, ఫిజిక్స్ 180, కెమిస్ట్రీ 180. ఫిజిక్స్ వదిలేయడమంటే పావు పేపరు తెల్లగా ఇచ్చి రావడమే కదా.

దీనికి వెంటనే వచ్చే జవాబు ఏంటంటే "క్వాలిఫై అయితే చాలు కదండీ, డెంటల్‌కి పెద్ద పోటీ ఉండదు కదా". ఇదిగో, జనాన్ని ముంచేది ఈ మాటే. 2025లో నీట్ రాసినవాళ్ళు 22 లక్షల పైమాటే, క్వాలిఫై అయినవాళ్ళు 12 లక్షల 36 వేలు. దేశం మొత్తం మీద బీడీఎస్ సీట్లు గవర్నమెంటూ ప్రైవేటూ అన్నీ కలిపినా 30 వేల లోపే. ఆ ఏడు జనరల్‌కి కటాఫ్ 144 మార్కులు, 720కి 144. సంక్రాంతి ముందురోజు ఆర్టీసీ కాంప్లెక్స్ లోపలికి వెళ్ళగలిగినంత మాత్రాన విశాఖ బస్సులో సీటు దొరికినట్టేనా? క్వాలిఫై అవడం కూడా అంతే, లోపలికి రానిచ్చారు, సీటు ఇంకా దొరకలేదు. ఇంక మన రాష్ట్రంలో గవర్నమెంట్ డెంటల్ కాలేజీలు రెండే, విజయవాడ, కడప. మన శ్రీకాకుళంలో ఉన్నదీ విశాఖ వైపు ఉన్నవీ ప్రైవేటువే. వాటిలో కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకుని బట్టి యూనివర్సిటీ ఇచ్చే సీటు వస్తే ఒక ఫీజు, మేనేజ్‌మెంట్ కోటాలో వెళ్తే ఇంకో ఫీజు, ఆ తేడా ఎంతన్నది పొలం అమ్మినవాళ్ళని అడగండి. ఆ రెండింటికీ మధ్య అడ్డం పడేది చాలాసార్లు యాభై అరవై మార్కులే. మధ్యలో ఉన్న స్కోర్ల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు, పది మార్కులు తగ్గితే ర్యాంకు వేలల్లో కిందకి జారిపోద్ది.

టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది నా దగ్గర. వాళ్ళ నాన్నకి ఎకరంన్నర జీడితోట. బయాలజీలో ఎక్కడడిగినా పేజీతో సహా చెప్పేది, ఫిజిక్స్ క్లాసులో మాత్రం వెనక బెంచీలో కూర్చుని బోటనీ రాసుకునేది. అడిగితే "డెంటలే కదా సార్" అనేది. రిజల్ట్ రోజు క్వాలిఫై అయింది, మా స్టాఫ్ రూమ్‌కి స్వీట్ బాక్సు కూడా తెచ్చారు. కీ పెట్టుకుని చూస్తే ఫిజిక్స్‌లో పది బిట్లు గుడ్డిగా పెట్టింది, రెండు రైటు ఎనిమిది తప్పు, రైటుకి 4, తప్పుకి మైనస్ 1 కాబట్టి ప్లస్ 8 మైనస్ 8, సున్నా. కన్వీనర్ రౌండ్లు ఒకదాని తర్వాత ఒకటి అయిపోయాయి, ప్రతిసారీ లిస్టు రాగానే వాళ్ళ నాన్న ఫోన్ చేసేవారు, నేను "రాలేదండీ" అనేవాణ్ణి, ఆయన "అలగా" అని పెట్టేసేవారు. ఆ "అలగా" ఇప్పటికీ చెవిలో ఉంది. తోట అమ్ముతానంటే ఆ పిల్లే ఒద్దంది, లాంగ్ టర్మ్ తీసుకుంది, అంటే ఏడాదంతా మళ్ళీ నీట్ కోచింగే. రెండో ఏడు ఫిజిక్స్‌లో 23 బిట్లు పెట్టింది, 16 రైటు, 7 తప్పు, 57 మార్కులు. ఆ 57తోనే కన్వీనర్ కోటాలో బీడీఎస్ వచ్చింది. ఫస్టియర్‌లో మైనం దిమ్మని చెక్కి కోరపన్ను చేసి ఫోటో పంపింది. సెకండియర్‌లో ఇంకో మెసేజ్ పెట్టింది, "సార్, డెంటల్ మెటీరియల్స్‌లో స్ట్రెస్సు స్ట్రెయిను యంగ్స్ మాడ్యులస్ మళ్ళీ వచ్చాయి, ఎక్కడికెళ్ళినా మీరు వదిలేలా లేరు" అని.

ఫిజిక్స్ మాస్టారు కాబట్టి అలాగే అంటారు అనుకునేవాళ్ళు ఉంటారు, అనుకోండి. నేను 180కి 150 తెమ్మనట్లేదు. యూనిట్స్ అండ్ డైమెన్షన్స్, కరెంట్ ఎలక్ట్రిసిటీ, సెమీకండక్టర్స్, ఆటమ్స్, న్యూక్లియై, డ్యూయల్ నేచర్, థర్మోడైనమిక్స్, ఈ ఏడూ గట్టిగా చెయ్యండి చాలు. వీటిలో ఫార్ములా పెడితే వచ్చేసే బిట్లు పడుతుంటాయి. రొటేషనల్ మోషన్ చూసి భయపడి మొత్తం సబ్జెక్టే మూసేయడం ఏంటి నాకర్థం కాదు. పైగా 2025లోలాగా ఫిజిక్స్ కష్టంగా వచ్చిన ఏడు అందరికీ పోతాయి, అలాంటప్పుడు మీకున్న ఆ పదిహేను బిట్లకి విలువ ఇంకా పెరుగుద్ది. టైమ్ సంగతికొస్తే 180 నిమిషాల్లో బయాలజీ యాభైలో లాగించేస్తే మిగతా రెండిటికీ బబ్లింగ్‌కీ రెండు గంటల పైనే ఉంటుంది.

ఇంక మిగతావి గబగబా.

పర్సంటైల్ అంటే పర్సంటేజీ కాదు తల్లీ. ఒకావిడ పాపం భావనపాడు నుంచి కళ్ళు తుడుచుకుంటా వచ్చింది, "ఏబైకి తగ్గితే పోయినట్టే అంట కదా బాబూ, మా దానికి రెండొందలే వచ్చాయి" అని. జనరల్‌వాళ్ళు క్వాలిఫై అవడానికి కావాల్సిన 50 పర్సంటైల్ అంటే 360 మార్కులు కాదు, రాసినవాళ్ళలో సగం మందిని దాటడం. బీసీ, ఎస్సీ, ఎస్టీలకి 40 పర్సంటైల్, 2025లో అది 113 మార్కులు. ఆవిడకి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి ఇదంతా చెప్పేసరికి అరగంట పట్టింది. ఆవిణ్ణి అలా భయపెట్టినవాడెవడో గానీ దొరికితే అడుగుదును.

"డొనేషన్ కడితే నీట్ లేకుండానే డెంటల్" అని ఫోన్లొస్తాయి రిజల్ట్ వచ్చిన వారానికి. మేనేజ్‌మెంట్ కోటాకైనా ఎన్ఆర్ఐ కోటాకైనా నీట్ క్వాలిఫై అవాల్సిందే. అడ్వాన్సు పంపమన్నాడంటే ఫోన్ పెట్టేయండి, వాడితో బేరం కూడా ఆడొద్దు.

ఈఏపీసెట్ (అదే, పాత ఎంసెట్) ర్యాంకుతో బీడీఎస్ రాదు, 2017 నుంచీ మన దగ్గర నీటే. ఆ అలవాటు కూడా ఇక్కడికి తేకండి, అక్కడ 160 బిట్లకి నెగెటివ్ లేదు, ఇక్కడ తప్పుకి 1 పోద్ది. నాలుగు గుడ్డిగా పెడితే లెక్క ప్రకారం ఒకటి తగిలి 4 వస్తే మూడు పోయి మిగిలేది 1. అదీ అదృష్టం బాగుంటే. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మాత్రం ధైర్యంగా పెట్టండి.

తెలుగు బుక్‌లెట్ తీసుకుంటే మార్కులు తగ్గిస్తారంటారు, శుద్ధ అబద్ధం. అందులో ఇంగ్లీషు కూడా పక్కనే ఉంటుంది, అనువాదంలో తేడా అనిపిస్తే ఇంగ్లీషుదే ఫైనల్. అప్లికేషన్‌లో ఏది పెట్టాలో ముందే ఆలోచించుకుని పెట్టండి.

అన్నయ్య మెటీరియల్ దాచి చదివేవాళ్ళకి: 2024 నుంచి సిలబస్ తగ్గింది. సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్స్ లేవు, ఒకబ్బాయి ఈమధ్య దాకా పాలిమర్స్ బట్టీ పడుతూ కనిపించాడు. ఎన్నిసార్లైనా రాయొచ్చు, పైన వయసు లిమిట్ కూడా లేదు, ఆ బెంగొద్దు.

గేటు 1:30కే మూసేస్తారు, 2 కి పరీక్ష, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వద్దు, షూస్ వద్దు. ఇది అపోహ కాదు గానీ ఏటా ఎవరో ఒకరు షూస్‌తోనే వస్తారు. ఒకసారి ఇచ్ఛాపురం అబ్బాయి 1:15కి గేటు దగ్గర ఏడుపొక్కటే తక్కువగా నిలబడితే నా చెప్పులు ఇచ్చి లోపలికి తోశాను. అయిదింటి దాకా మే నెల ఎండలో వేపచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ వట్టికాళ్ళతో ఉన్నాను. పేపరు బాగా రాశాడట, ఆ సంబరంలో చెప్పులతోనే ఆటో ఎక్కేశాడు.