గార్డ్‌కి అంత డబ్బెందుకు? అమెరికన్ ఫుట్‌బాల్ కాంట్రాక్టులపై అపోహలు, వాస్తవాలు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడే డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం ఫ్రిస్కోలో ఉంది. డాలస్ చుట్టుపక్కల తెలుగు బాగా వినిపించే ఊళ్లలో అదొకటి. అందుకే 2025 సెప్టెంబరులో కౌబాయ్స్ తమ గార్డ్ టైలర్ స్మిత్‌తో నాలుగేళ్లకు 9.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకోగానే తెలిసినవాళ్లంతా నన్ను పట్టుకున్నారు. "అన్నా, బంతి కూడా ముట్టనివాడికి ఏడాదికి 2.4 కోట్ల డాలర్లా?"

ఆటగాళ్ల ఏజెంట్ల కోసం కాంట్రాక్టు లెక్కలు వేయడం నా పని. ఆటగాడికి ఎంత ఎక్కువ వస్తే మా వైపు అంత సంతోషం. ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవండి. "ఇవ్వకండి, వదిలేయండి" అని జట్టుకు చెప్పాల్సిన సందర్భాలు కూడా కింద ఉన్నాయి.

ఈ ఆట కొత్తవాళ్లకు రెండు ముక్కలు. బంతి ఉన్న జట్టులో ముందు వరసన ఐదుగురు నిలబడతారు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, వాళ్లకు బయటివైపు ట్యాకిళ్లు. వెనకాల ఉన్న క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటం, పరిగెత్తేవాడికి దారి చేయడం వీళ్ల పని. 2025లో ఒక్కో జట్టు జీతాల పరిమితి, అంటే శాలరీ క్యాప్, 27.92 కోట్ల డాలర్లు. ఐపీఎల్ పర్సు లాంటిదే, కాకపోతే ఇక్కడ దాంట్లోంచి 53 మందిని పోషించాలి.

అపోహ: గార్డుల రేట్లు చేయి దాటిపోయాయి

ప్రతి ఏడాదీ "చరిత్రలోనే అత్యధిక జీతం పొందుతున్న గార్డ్" అని వార్త వస్తుంది. వార్త నిజమే. కానీ డాలర్లు కాదు చూడాల్సింది, క్యాప్‌లో ఎంత శాతమో చూడాలి.

2022లో ఇండియానాపోలిస్ కోల్ట్స్ క్వెంటన్ నెల్సన్‌కి ఏడాదికి సగటున 2 కోట్ల డాలర్లు ఇచ్చింది. అప్పటి క్యాప్ 20.82 కోట్లు. అంటే 9.6 శాతం. 2023లో అట్లాంటా ఫాల్కన్స్ క్రిస్ లిండ్‌స్ట్రామ్‌కి 2.05 కోట్లు ఇచ్చింది, అది 9.1 శాతం. 2024లో ఫిలడెల్ఫియా ఈగల్స్ లాండన్ డికర్సన్‌కి 2.1 కోట్లు, 8.2 శాతం. 2025లో కాన్సస్ సిటీ చీఫ్స్ ట్రే స్మిత్‌కి 2.35 కోట్లు, 8.4 శాతం. అదే ఏడాది టైలర్ స్మిత్‌కి 2.4 కోట్లు, 8.6 శాతం.

డాలర్లలో ప్రతిసారీ రికార్డే. జట్టు జేబులోంచి పోయే వాటా మాత్రం నెల్సన్ నాటికంటే తక్కువే. పైగా సంతకం చేసిన ఏడాది తర్వాత క్యాప్ పెరిగేకొద్దీ ఆ వాటా ఇంకా కరుగుతుంది. లిండ్‌స్ట్రామ్ 2.05 కోట్లు 2025 క్యాప్‌లో 7.3 శాతమే. మా ఆఫీసులో ఎవరైనా గార్డ్ "మూడేళ్ల తర్వాత చూద్దాంలే, ఇప్పుడు ఆరేళ్లకు సంతకం పెట్టేస్తా" అంటే మేం వద్దనేది ఇందుకే. 2018లో కౌబాయ్స్‌తో ఆరేళ్లకు 8.4 కోట్లకు సంతకం చేసిన జాక్ మార్టిన్ అప్పట్లో గార్డులందరికంటే ఖరీదైనవాడు. 2023 వచ్చేసరికి అతని కంటే తక్కువ స్థాయి ఆటగాళ్లు అతని కంటే ఎక్కువ తీసుకుంటున్నారు. శిక్షణ శిబిరానికి రాకుండా ఇంట్లో కూర్చుని జీతం పెంచుకోవాల్సి వచ్చింది.

అపోహ: డబ్బు ట్యాకిల్‌కి ఇవ్వాలి, గార్డ్ ఎవరైనా ఒకటే

ఇది ఒకప్పటి మాట. ప్రమాదమంతా బయటి అంచు నుంచే వస్తుందనుకున్న రోజుల్లో నడిచింది.

బయటి నుంచి దూసుకొచ్చేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ ఒక అడుగు ముందుకు వేసి తప్పించుకోగలడు. మధ్యలోంచి వస్తే ఆ ముందు అడుగే ఉండదు. బంతి విసరడానికి కాలు చాపే చోట కూడా మనిషి ఉంటాడు. రామ్స్ జట్టు డిఫెన్స్‌లో మధ్యన ఆడిన ఆరన్ డోనల్డ్ ఏళ్ల తరబడి చేసింది ఇదే. 2024లో చీఫ్స్ తమ డిఫెన్స్‌లో మధ్యన ఆడే క్రిస్ జోన్స్‌కి ఐదేళ్లకు 15.875 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. లోపలి నుంచి దాడి చేసేవాడికి ఏడాదికి మూడు కోట్లు దాటినప్పుడు, వాడికి ఎదురు నిలబడేవాడు చవగ్గా దొరకాలంటే ఎలా?

క్వార్టర్‌బ్యాక్ పొట్టివాడైతే ఇది ఇంకా ముఖ్యం. డ్రూ బ్రీస్ ఎత్తు ఆరడుగులు. ఆ స్థానంలో అది తక్కువ కింద లెక్క. న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ అతని ముందు గార్డుల మీదే ఖర్చు పెట్టింది. జారీ ఎవాన్స్‌కి 2010లో ఏడేళ్లకు 5.67 కోట్లు ఇచ్చింది. 2024లో కరోలైనా పాంథర్స్ చేసిందీ అదే. బ్రైస్ యంగ్ అయిదడుగుల పది అంగుళాలు. అతని ముందుకి రాబర్ట్ హంట్‌ని 10 కోట్లకు, డేమియన్ లూయిస్‌ని 5.3 కోట్లకు ఒకేసారి తెచ్చింది.

గార్డ్ నైపుణ్యం టీవీ ప్రసారంలో కనపడదు. ఎండ్‌జోన్ వెనక నుంచి, అంటే మైదానం చివర నుంచి, తీసిన వీడియో చూడాలి. మేం ముందు చూసేది ఇద్దరు మనుషులు అడ్డం మారే దాడిని, అంటే స్టంట్‌ని, గార్డ్ ఎలా ఎదుర్కొన్నాడా అని. డిఫెన్స్‌లో లోపలి మనిషి గార్డ్ భుజం మీదుగా బయటికి దూసుకెళ్తాడు. వాడి వెనక నుంచి అంచున ఉన్నవాడు చుట్టి లోపలికి వస్తాడు. మామూలు గార్డ్ మొదటివాణ్ణి రెండు చేతులా పట్టుకుని వాడితోపాటే వెళ్లిపోతాడు. రెండోవాడికి తలుపు తెరిచినట్టే. మంచి గార్డ్ మొదటివాడి తుంటి తిరగడం చేతితోనే పసిగడతాడు. పక్కనున్న ట్యాకిల్ వైపు వాణ్ణి ఒక్క తోపు తోసి అప్పగిస్తాడు, తను వెనక్కి తగ్గకుండా నిలబడతాడు, కళ్లు అప్పటికే లోపలికి తిరిగి ఉంటాయి. ఇదంతా సెకనులో అయిపోతుంది. గణాంకాల్లో దీనికి ఒక్క అంకె కూడా రాదు. జాక్ మార్టిన్‌కి తన కెరీర్ మొత్తంలో పడిన హోల్డింగ్ పెనాల్టీల (ఎదుటివాణ్ణి అక్రమంగా పట్టి ఆపినందుకు పడే శిక్ష) కంటే, ఏటా మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్ ఎంపికలే ఎక్కువ. అలాంటి అంకె గార్డులకు అరుదుగా దొరుకుతుంది.

అపోహ: ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి ఒక ఏడాది ఆపేస్తే సరిపోతుంది

ట్యాగ్ అంటే, కాంట్రాక్టు అయిపోయిన ఆటగాణ్ణి బయటికి పోనీయకుండా ఒక ఏడాదికి నిర్ణీత జీతంతో కట్టిపడేయడం. గార్డుల విషయంలో ఇందులో ఒక తిరకాసు ఉంది. లీగ్ నిబంధనల్లో ట్యాకిల్, గార్డ్, సెంటర్ అనే తేడా లేదు. ఐదుగురూ ఒకటే, "అఫెన్సివ్ లైన్". కాబట్టి గార్డ్‌కి ట్యాగ్ వేస్తే పడేది ట్యాకిళ్ల రేటు. 2025లో అది సుమారు 2.34 కోట్లు. చీఫ్స్ ట్రే స్మిత్‌కి ట్యాగ్ వేయగానే మా వాళ్లందరికీ అర్థమైపోయింది, ఇక బేరం అక్కడి నుంచే మొదలవుతుందని. జూలైలో గడువు ముంచుకొచ్చాక నాలుగేళ్లకు 9.4 కోట్లకు, అందులో 7 కోట్లు గ్యారంటీకి, తెగింది. 2021 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, ఆరో రౌండ్లో తీసుకున్న కుర్రాడతను. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే సమస్య ఉందని మిగతా జట్లు వెనకాడాయి.

ట్యాగ్ విషయంలో కక్కుర్తి పడితే ఏమవుతుందో సియాటిల్ వాళ్లనడగాలి. ఇరవయ్యేళ్లయినా మా వృత్తిలో ఇంకా చెప్పుకునే కథ ఇది.

2006 ఫిబ్రవరిలో సియాటిల్ సీహాక్స్ లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ ఆడింది. ఆ జట్టు ఎడమ గార్డ్ స్టీవ్ హచిన్సన్, ఎడమ ట్యాకిల్ వాల్టర్ జోన్స్. వాళ్ల వెనక పరిగెత్తే షాన్ అలెగ్జాండర్ ఆ 2005 సీజన్లో 1,880 గజాలు పరిగెత్తి లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. హచిన్సన్ కాంట్రాక్టు అయిపోయింది. సీహాక్స్ అతనికి ఫ్రాంచైజ్ ట్యాగ్ వేయకుండా, సుమారు ఆరు లక్షల డాలర్లు చవకని ట్రాన్సిషన్ ట్యాగ్ వేసింది. ఈ చవక ట్యాగ్‌తో వేరే జట్టు ఆఫర్ ఇవ్వొచ్చు. పాత జట్టు అదే ఆఫర్‌ని సమం చేస్తే ఆటగాడు ఉండిపోతాడు. చేయకపోతే పాత జట్టు చేతికి ఏమీ రాకుండానే ఆటగాడు వెళ్లిపోతాడు.

మిన్నెసోటా వైకింగ్స్ ఏడేళ్లకు 4.9 కోట్ల ఆఫర్ ఇచ్చింది. దాంట్లో ఒక షరతు పెట్టింది: తన జట్టు లైన్‌లో హచిన్సన్ అత్యధిక జీతగాడు కాకపోతే మొత్తం డబ్బు గ్యారంటీ అయిపోతుంది. మిన్నెసోటాలో అతనే అత్యధికం, వాళ్లకు ఇబ్బంది లేదు. సియాటిల్‌లో వాల్టర్ జోన్స్ జీతం ఎక్కువ. సమం చేస్తే 4.9 కోట్లూ గ్యారంటీగా కట్టాలి. సియాటిల్ ఫిర్యాదు చేసింది, ఓడిపోయింది. కోపంతో మిన్నెసోటా ఆటగాడు నేట్ బర్లిసన్‌కి సరిగ్గా అదే ఏడేళ్లు, 4.9 కోట్ల ఆఫర్ ఇచ్చి, మిన్నెసోటా రాష్ట్రంలో ఒక సీజన్లో ఐదు మ్యాచ్‌లు ఆడితే అంతా గ్యారంటీ అని రాసింది. మా వాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు దీనికి. అలాంటి షరతులను తర్వాత నిషేధించారు.

2006లో అలెగ్జాండర్ 896 గజాలే పరిగెత్తాడు. "గార్డ్ పోతే చూశారా" అని ఏజెంట్లంతా ఈ అంకె చూపిస్తారు. అది సగం మోసం. ఆ ఏడాది అతని పాదం విరిగింది, కొన్ని మ్యాచ్‌లు అసలు ఆడలేదు. పైగా సీహాక్స్ ఆ సీజన్లోనూ తమ డివిజన్‌లో, అంటే తమ నాలుగు జట్ల గుంపులో, మొదటి స్థానంలో నిలిచింది. నష్టం నిజమే కానీ, ఒక్క గార్డ్‌తో జట్టు కూలిపోలేదు. హచిన్సన్ మాత్రం 2020లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యాడు.

అపోహ: సొంత గార్డ్‌ని వదిలేస్తే జట్టు మునిగినట్టే

డెట్రాయిట్ లయన్స్ 2024లో జోనా జాక్సన్‌ని పోనిచ్చింది. లాస్ ఏంజెలిస్ రామ్స్ అతన్ని మూడేళ్లకు 5.1 కోట్లకు పట్టుకెళ్లింది. లయన్స్ 34 ఏళ్ల గార్డ్ కెవిన్ జైట్లర్‌ని ఏడాదికి 60 లక్షల డాలర్లకు తెచ్చుకుని 15-2తో, అంటే 15 గెలుపులు, 2 ఓటములతో, సీజన్ ముగించింది. రామ్స్‌లో జాక్సన్ భుజానికి గాయమైంది, చోటు పోయింది, ఏడాది తిరిగేసరికి ఆరో రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఒక కుర్రాణ్ణి ఎంచుకునే వంతు) కోసం చికాగో బేర్స్‌కి ఇచ్చేశారు. ఈగల్స్ అయితే న్యూయార్క్ జెట్స్‌లో ట్యాకిల్‌గా తేలిపోయిన మెకై బెక్టన్‌ని చవగ్గా తెచ్చి, కుడి గార్డ్‌గా మార్చి, సూపర్ బౌల్ గెలిచింది.

ఈ రెండు ఉదాహరణలూ జట్టు యజమానులకు తెగ నచ్చుతాయి. కానీ పక్కన ఎవరున్నారో చూడండి. జైట్లర్ పక్కన పెనే సూవెల్, ఫ్రాంక్ రాగ్నో. బెక్టన్ పక్కన లేన్ జాన్సన్. చుట్టూ నలుగురు గట్టివాళ్లుంటే ఐదోవాడి దగ్గర పొదుపు చేయొచ్చు. పైగా ఆ పొదుపు ఏటా చేయాలి. 2025లో జైట్లర్ టెనెసీకి వెళ్లిపోయాడు, జూన్‌లో రాగ్నో రిటైరయ్యాడు. లయన్స్ మళ్లీ మొదటికొచ్చింది.

బయటి జట్టు నుంచి గార్డ్‌ని కొనడమే అన్నిటికంటే ప్రమాదకరమైన పద్ధతి. ఒక లైన్‌లో బాగా ఆడినవాడు వేరే పక్కవాళ్లతో, వేరే పథకంలో అలాగే ఆడతాడని నమ్మకం లేదు. జాక్సన్‌వీల్ జాగ్వార్స్ 2018లో ఆండ్రూ నార్వెల్‌కి ఐదేళ్లకు 6.65 కోట్లు ఇచ్చి, ఆ ఏడాదే 5-11కి పడిపోయింది. 2012లో టాంపా బే 4.75 కోట్లకు తెచ్చుకున్న కార్ల్ నిక్స్‌కి కాలి గాయం, ఆపైన ఇన్ఫెక్షన్. రెండేళ్లలో కెరీర్ ముగిసింది. సొంత ఆటగాడి మోకాలు, వీపు ఎలా ఉన్నాయో సొంత డాక్టర్లకు తెలుసు. నేను బేరంలో ఎదుటివైపు కూర్చునే మనిషిని, అయినా చెప్తున్నా, జట్టుకి మాకంటే ఎక్కువ తెలిసిన విషయం అదొక్కటే.

అపోహ: మంచి గార్డ్ ఉంటే ట్యాకిల్‌గా కూడా వాడుకోవచ్చు

2024 డిసెంబరులో చీఫ్స్ ఎడమ ట్యాకిల్ సమస్యతో సతమతమై, లీగ్‌లోనే అత్యుత్తమ గార్డుల్లో ఒకడైన జో థునీని అక్కడికి జరిపింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ట్యాకిల్ చోట థునీ చిన్నబోయాడు, అతని గార్డ్ చోట వేరేవాడు నిలబడ్డాడు, బలహీనత ఒకటి కాస్తా రెండయింది. సూపర్ బౌల్లో ఈగల్స్ అదనపు మనిషిని ఒక్కసారి కూడా దాడికి పంపకుండానే చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని ఆరుసార్లు పడగొట్టింది. స్కోరు 40-22.

తర్వాత నెలలో చీఫ్స్ తీసుకున్న నిర్ణయం చూడండి. 32 ఏళ్ల థునీని నాలుగో రౌండ్ పిక్‌కి బేర్స్‌కి ఇచ్చేసి, పాతికేళ్ల ట్రే స్మిత్‌ని ఉంచుకుంది. నాకది సరైన పనే అనిపించింది. బేర్స్‌కీ నష్టం లేదు. 2024లో 68 సార్లు శాక్ అయిన, అంటే బంతి విసరకముందే కింద పడగొట్టించుకున్న, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ కాలెబ్ విలియమ్స్‌కి థునీ వచ్చాక మరుసటి సీజన్లో ఆ బాధ బాగా తగ్గింది.

అపోహ: 9.6 కోట్లంటే 9.6 కోట్లూ చేతికొస్తాయి

రావు. గ్యారంటీ ఎంతో అదొక్కటే ఖాయం. మిగతాది జట్టు ఉంచుకుంటేనే. సంతకం బోనస్‌ని క్యాప్ లెక్కలో గరిష్ఠంగా ఐదేళ్లకు పంచుతారు. మధ్యలో తీసేస్తే మిగిలిన భాగమంతా జట్టు నెత్తిన పడుతుంది. ఇంతకంటే చెప్పడానికి ఏం లేదు.

ఇక టైలర్ స్మిత్ సంగతి. మొదటి రౌండ్లో తీసుకున్న కుర్రాడు, సంతకం నాటికి 24 ఏళ్లు. పాత కాంట్రాక్టు అయిపోకముందే, ట్యాగ్ దాకా పోకుండా తేల్చేశారు. 2022లో మొదటి ఏడాది ఎడమ ట్యాకిల్‌గా ఆడినవాడు కాబట్టి అత్యవసరమైతే అక్కడా నిలబడగలడు. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికి 6 కోట్లు ఇస్తూ అతని ముందు చవక మనిషిని పెట్టడంలో అర్థం లేదు. కౌబాయ్స్ స్థానంలో నేనున్నా సంతకం పెట్టేవాణ్ణే. కాకపోతే ఇంకో ఏడాది ముందే, కొంచెం తక్కువకే.