చదివితే చెరిగిపోయే లెక్క

నయీంనగర్, వడ్డేపల్లి వైపు ఇళ్లకు కేబుల్ మీద ఇంటర్నెట్ ఇచ్చే ఒక ఆపరేటరు కోసం మేం నలుగురం హనుమకొండలో కూర్చుని ట్రాఫిక్ షెడ్యూలింగ్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) రాస్తున్నాం. ఏ ఇంటి ప్యాకెట్ (డేటా ముక్క) ముందు పోవాలి, ఏది క్యూలో ఆగాలి, క్యూ నిండితే ఏది పడిపోవాలి అన్నది అది తేలుస్తుంది. ఆ భాగం గురించి మా మధ్య పెద్దగా వాదన రాలేదు. వాదనంతా ఒక చిన్న క్వెరీ ఫంక్షన్ మీదే. ఫలానా క్యూలో ఎన్ని ప్యాకెట్లు పోయాయి, ఎన్ని పడిపోయాయి అని అడిగితే జవాబు చెప్పడమే దాని పని.

మొదటి వెర్షన్‌లో అది లెక్క చెప్పి, వెంటనే కౌంటర్‌ను సున్నా చేసేది. ఆఫీసులో గ్రాఫ్ గీసే ప్రోగ్రామ్ ఒక్కటే దాన్ని పిలిచినన్నాళ్లు అంతా బాగానే నడిచింది. తర్వాత ఫిర్యాదులు తీసుకునేవాళ్లకు ఒక స్క్రీన్ పెట్టారు, అదీ ఇదే ఫంక్షన్‌ను పిలిచింది. సాయంత్రం నెట్ స్లో అని ఫోన్ రాగానే అక్కడివాళ్లు స్క్రీన్ తెరిచేవాళ్లు. అప్పటిదాకా పోగైన లెక్క ఆ స్క్రీన్‌కు పోయేది, గ్రాఫ్‌కు మిగిలింది మాత్రమే దక్కేది. జనం ఎక్కువ ఇబ్బంది పడుతున్న వేళే గ్రాఫ్ నిమ్మళంగా కనిపించేది. వారం రోజులు లైన్లనే అనుమానించి, స్తంభాలెక్కి కనెక్టర్లు మార్పించాం. ఆ వారం ఫోన్ చేసిన వాళ్లందరికీ మేం తప్పుడు జవాబే చెప్పాం. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

ఈ తీరు మాకు డీపీడీకే నుంచి వచ్చింది. ప్యాకెట్లను వేగంగా నడిపించడానికి ఇంటెల్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీల్లో ఒక షెడ్యూలర్ ఉంది. పోర్ట్, సబ్‌పోర్ట్ (వాడకందారుల గుంపు), పైప్ (ఒక్క వాడకందారు), ట్రాఫిక్ క్లాస్, క్యూ అని దానికి ఐదు అంచెలు. అందులో సబ్‌పోర్ట్ లెక్క, క్యూ లెక్క చదివే ఫంక్షన్లు అంకెలను కాపీ చేసి అసలును చెరిపేస్తాయి. 10 గిగాబిట్ల లింకు మీద అతి చిన్న ప్యాకెట్లు వరుసగా వస్తే ఒక్కోదానికి దొరికేది 67 నానోసెకన్లే. అంత ఇరుకులో చదివేవాడు ఒక్కడే అనుకుంటే పని తేలిక. పైగా తరచూ చెరుపుతుంటే చిన్న కౌంటర్ కూడా నిండిపోదు.

కౌంటర్ నిండిపోవడమన్నది ఉత్త భయం కాదు. నెట్‌వర్క్ పరికరాలను లెక్కలు అడిగి తెలుసుకోవడానికి 1988లో వచ్చిన పద్ధతి ఎస్‌ఎన్‌ఎంపీలో బైట్ల కౌంటర్లు 32 బిట్లవి. 429 కోట్లు దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. 10 మెగాబిట్ల లింకు పూర్తిగా నిండి నడిస్తే అందుకు 57 నిమిషాలు పడుతుంది, 100 మెగాబిట్లకు 5.7 నిమిషాలు, 1 గిగాబిట్‌కు 34 సెకన్లు. 1995లో టోబియాస్ ఓటికర్ రాసిన ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రామ్ ఈ కౌంటర్లను ఐదు నిమిషాలకోసారి చదివి గ్రాఫ్ గీసేది. అంటే 100 మెగాబిట్ల దగ్గరే అంచున నిలబడ్డట్టు. 1994లోనే 64 బిట్ల కౌంటర్లను ప్రమాణంలో చేర్చింది ఇందుకే. లైనక్స్‌లో ప్యాకెట్ల క్యూలను నడిపే ట్రాఫిక్ కంట్రోల్ భాగంలో బైట్ల లెక్క ముందునుంచీ 64 బిట్లదే అయినా, ప్యాకెట్ల లెక్కకు ఆ వెడల్పు 2019లో గానీ రాలేదు.

ఎస్‌ఎన్‌ఎంపీ వాళ్లు తేల్చుకున్న విషయం ఒకటి నాకు చాలా నచ్చుతుంది. కౌంటర్‌కు మొదటి విలువ ఇంత అని ఉండదు, ఒక్క రీడింగ్‌కు దానంతట దానికి అర్థం లేదు. రెండు రీడింగులు తీసి, చదివేవాడే తేడా కట్టుకోవాలి. మన ఇంటి కరెంటు మీటరు ఇట్లాంటిదే. రీడింగ్ తీసే మనిషి మీటరును సున్నా చేసి పోడు, పోయిన నెల అంకెను ఈ నెల అంకెలోంచి తీసేస్తాడు. పక్కింటాయన వచ్చి చూసినా బిల్లు మారదు. మీటరే కాలిపోయి కొత్తది పెడితే? అప్పుడు మార్చిన తేదీ రాసుకోవాలి. ఎస్‌ఎన్‌ఎంపీలో ఇంటర్‌ఫేస్ (పరికరానికి లైను తగిలే చోటు) కౌంటర్ల విషయంలోనూ 1997లో ఇదే పని చేశారు: లెక్క ఎప్పుడు తెగి మళ్లీ మొదలైందో చెప్పే సమయాన్ని కలిపారు.

డీపీడీకేలోనూ 2017లో వచ్చిన కొత్త ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్ చెరపాలా వద్దా అన్నది పిలిచేవాడికే వదిలేసింది, దానికో ఫ్లాగ్ (అవును, కాదు అని చెప్పే గుర్తు) ఉంది. ఏ అంకెలు నిజంగా లెక్కిస్తున్నారో చెప్పే మాస్క్ కూడా ఇచ్చింది. మాస్క్ మంచి ఆలోచన. మా జట్టులో ఒకరు ఫ్లాగ్ కూడా పెడదామన్నారు, నేను ఒప్పుకోలేదు. చెరిపే హక్కు ఒక్కరికి ఇచ్చినా మిగతా అందరి లెక్కా పోతుంది.

క్యూ పొడవు సంగతి వేరు. అది పోగయ్యేది కాదు, ఆ క్షణపు నిల్వ. 2012లో కాథ్‌లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ క్యూలను అదుపులో ఉంచే కోడెల్ పద్ధతిని బయటపెట్టినప్పుడు పొడవును పక్కనపెట్టి, ప్యాకెట్ క్యూలో ఎంతసేపు ఆగిందో చూశారు. ఆ ఆలస్యం 5 మిల్లీసెకన్లు దాటి 100 మిల్లీసెకన్ల పాటు దిగకపోతేనే అది చెడ్డ క్యూ. నెట్ స్లో అనే మనిషికి తగిలేదీ ఆ ఆలస్యమే కాబట్టి మా ఫంక్షన్ ఇప్పుడు దాన్నీ చెబుతుంది.

ఇప్పుడది దేన్నీ చెరపదు. 64 బిట్ల లెక్క, ఆ లెక్క మొదలైన సమయం, చదివిన సమయం మూడూ కలిపి ఇస్తుంది. స్క్రీన్, గ్రాఫ్ తమ పాత రీడింగులను తామే దాచుకుంటాయి. పాత ఫంక్షన్‌ను లైబ్రరీలోంచి తీసేశాం. గ్రాఫ్ ప్రోగ్రామ్‌ను కొత్తదానికి తగ్గట్టు మార్చడానికి రెండు రోజులు పట్టింది.