బీమా లేని బిడ్డకు టీకా: అమెరికా కుదుర్చుకున్న పద్ధతి, మిగిల్చిన వెలితి

1989 నుంచి 1991 దాకా అమెరికాలో తట్టు మళ్లీ విజృంభించింది. సుమారు 55 వేల మందికి సోకింది, 120 మందికి పైగా చనిపోయారు. తట్టు టీకా ఆ దేశంలో 1963 నుంచే అందుబాటులో ఉన్నా ఇలా ఎందుకు జరిగిందని ఆరా తీసినప్పుడు, జబ్బుపడిన పిల్లల్లో సగానికి పైగా టీకా పడనివారేననీ, వారిలో చాలామంది అంతకు ముందు ఏదో ఒక కారణంతో డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చినవారేననీ తేలింది. బీమా లేక టీకా ఖరీదు భరించలేని కుటుంబాలను ప్రైవేటు వైద్యులు ప్రభుత్వ క్లినిక్‌కు వెళ్లమని పంపేవారు. ఆ రెండో ప్రయాణానికి ఇంకో రోజు కూలి పోగొట్టుకోవాలి కనుక చాలామంది తల్లిదండ్రులకు అది కుదిరేది కాదు.

దీనికి విరుగుడుగా 1993లో చట్టం చేసి, 1994 అక్టోబరు 1 నుంచి 'వ్యాక్సీన్స్ ఫర్ చిల్డ్రన్' అనే పథకాన్ని అమలులోకి తెచ్చారు. ఇందులోని తెలివంతా ఒక్క మార్పులో ఉంది: బిడ్డను టీకా ఉన్నచోటికి పంపడం మాని, బిడ్డ ఉన్నచోటికే టీకాను పంపారు. వ్యాధుల నియంత్రణ చూసే అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడీసీ కంపెనీల నుంచి తగ్గింపు ధరకు టీకాలు కొని, పథకంలో చేరిన వైద్యులకు ఉచితంగా సరఫరా చేస్తుంది. 19 ఏళ్లు నిండని వారిలో పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌కు అర్హులైనవారు, బీమా అసలే లేనివారు, అమెరికా ఆదివాసీ, అలాస్కా స్థానిక తెగల పిల్లలు దీనికి అర్హులు. బీమా ఉండీ దానిలో టీకాలు చేరనివారికి మాత్రం కొన్ని నిర్దేశిత ఆరోగ్య కేంద్రాల్లోనే వేస్తారు. టీకాకు డాక్టరు డబ్బు తీసుకోకూడదు. సూది వేసినందుకు కొద్దిపాటి రుసుము అడగవచ్చు గానీ, అది ఇచ్చుకోలేరని బిడ్డను తిప్పి పంపకూడదు. నేడు ఆ దేశపు పిల్లల్లో దాదాపు సగం మంది ఈ పథకానికి అర్హులు.

ప్రజాధనంతో కొన్న సరుకు కాబట్టి లెక్క గట్టిగానే అడుగుతారు. పథకం టీకాలను క్లినిక్ సొంతంగా కొన్న టీకాలతో కలపకుండా ఫ్రిజ్‌లో వేరుగా సర్దాలి. ఫ్రిజ్ లోపలి వేడిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలిపి, దాన్ని క్షణక్షణం నమోదు చేసే పరికరాన్ని అమర్చాలి. హాస్టల్ గదుల్లో కనిపించే, లోపలే ఐసు అర ఉండే చిన్న ఫ్రిజ్‌లు పనికిరావు. హెపటైటిస్ బి, కోరింత దగ్గు టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. ఒక్కసారి గడ్డకడితే ఆ లవణం ముద్దలు కట్టి టీకా బలం పోతుంది, మళ్లీ కరిగించినా తిరిగి రాదు. వేడి తగిలితే పాడవుతాయని అందరికీ తెలుసు. చలికి పాడైన సీసా మాత్రం చాలాసార్లు చూడటానికి మామూలుగానే ఉంటుంది.

ఈ ఖర్చును దానధర్మంగా చూడటం పొరపాటు. తట్టు సోకిన ఒక్కరి నుంచి, రోగనిరోధకత లేని జనంలో, 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. అందుకే ఊళ్లో దాదాపు 95 శాతం మందికి రక్షణ ఉంటే తప్ప ఆ గొలుసు తెగదు. ఆ మిగతా 5 శాతంలో ఇంకా టీకా వయసు రాని పసికందులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ముందే ఉంటారు. బీమా లేనివారిని కూడా అందులోకి నెడితే బీమా ఉన్న ఇంటి పాపకు కూడా రక్షణ తగ్గిపోతుంది. 1994 నుంచి 2023 దాకా పుట్టిన పిల్లల విషయంలో సాధారణ టీకాలు 11 లక్షలకు పైగా మరణాలను ఆపుతాయని సీడీసీ అంచనా.

పెద్దల దగ్గరికి వచ్చేసరికి ఈ ఏర్పాటు కుంటుపడుతుంది. పిల్లల పథకానికి చట్టమే నిధుల హామీ ఇచ్చింది. బీమా లేని పెద్దలకు అటువంటి హామీ లేదు. 1962 నాటి టీకా సహాయ చట్టంతో మొదలై 'సెక్షన్ 317' అని పిలిచే పద్దు కింద, అమెరికా చట్టసభ (కాంగ్రెస్) ఏటా ఎంత ఇస్తే అంతలోనే ఆరోగ్య శాఖలు సర్దుకోవాలి. బీమా లేని పెద్దలకు కోవిడ్ టీకా ఉచితంగా ఇచ్చిన తాత్కాలిక కార్యక్రమం కూడా 2024లో ముగిసిపోయింది. పద్దెనిమిదేళ్ల దాకా హక్కుగా అందినది పంతొమ్మిదో పుట్టినరోజుతో అదృష్టం మీద ఆధారపడటం నాకు సమర్థనీయంగా తోచదు.

ఇది అమెరికాలో ఉన్న తెలుగువారికి దూరపు సంగతేమీ కాదు. ఉద్యోగం పోయి బీమా ఆగిన ఇంట్లోని పిల్లలు ఈ పథకం కిందికి వస్తారు. మన ప్రభుత్వ టీకా కార్డుతో వెళ్లిన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ తొమ్మిది నెలలు నిండగానే వేసే తట్టు డోసును అక్కడి బడులు లెక్కలోకి తీసుకోవు, ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఆ వయసులో టీకాకు అడ్డుపడవచ్చు కనుక మొదటి పుట్టినరోజు తర్వాత వేసినదే వారికి చెల్లుతుంది. తట్టుకూ రుబెల్లాకూ కలిపి వేసే మన ఎంఆర్ టీకాలో గవదబిళ్లల భాగం ఉండదు, ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ జాబితాలోనే లేదు. ఆ లోటు అక్కడ పూడ్చుకోవాలి.

కాన్పు చూసుకోవడానికి వెళ్లే అమ్మమ్మలు, నానమ్మల సంగతి మరీ ముఖ్యం. పసిబిడ్డకు కోరింత దగ్గు టీకా మొదటి డోసు పడేది రెండు నెలల వయసులోనే. అంతదాకా తల్లి గర్భంతో ఉండగా వేయించుకున్న టీకా, చుట్టూ ఉన్న పెద్దలు వేయించుకున్న టీకాలే దానికి రక్ష. బిడ్డను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందే పెద్దలు టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గులకు కలిపి వేసే టీకా) వేయించుకోవాలని సీడీసీ సూచన. సందర్శకుల బీమా సాధారణంగా ఇటువంటి ముందుజాగ్రత్త టీకాలకు చెల్లించదు కాబట్టి, విమానం ఎక్కకముందే ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో అడిగి వేయించుకోవడం మేలు.